మొదటి చెంబు

ఆ ఎండాకాలం తాత దగ్గర ఉంటానని చెప్పింది నేనే. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ధర్మవరంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పేపర్లు దిద్దడం అయిపోయింది, సెలవులిచ్చేశారు, చేతిలో నలభై రోజులున్నాయి. తాతకు మూత్రపిండాలు రెండూ పాడై అప్పటికి ఏడు నెలలు. వారానికి రెండుసార్లు అనంతపురం తీసుకెళ్లి మిషన్ మీద రక్తం కడిగించుకుని రావాలి. అవ్వకు మోకాళ్ల నొప్పులు. పక్కింట్లో ఉండే చిన్నాయన ఆటో నడుపుతాడు, ఆస్పత్రికి తిప్పడం ఆయన పని. మధ్యలో మిగిలిన రోజుల్లో ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి నేనవుతానని సంచి సర్దుకుని గార్లదిన్నె బస్సెక్కాను. ఏదో మంచి పని చేయబోతున్నానన్న గర్వం కూడా కాస్త ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

కనిపెట్టుకుని ఉండటం అంటే ఏంటో మొదటిరోజే తెలిసింది. మందులు ఇవ్వడం కాదు, కాళ్లు పిసకడం కాదు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అసలే కాదు. తాతను నీళ్లు తాగనివ్వకుండా చూడటం.

అన్నీ కలిపి రోజుకు ముప్పావు లీటరు. డాక్టరు పెట్టిన లెక్క అది. అంతకు మించి లోపలికి పోయిన నీటికి బయటికి వచ్చే దారి లేదు. ముందు కాళ్లలో చేరుతుంది, తర్వాత ముఖంలో, చివరికి ఊపిరితిత్తుల్లో. మార్చి నెలలో ఒకసారి అట్లా ఊపిరాడక, పడుకోలేక, కూర్చోలేక ఆయన పడిన బాధ చిన్నాయన చెబుతుంటే వినలేకపోయాను. "గుండె కూడా బలహీనంగా ఉంది. ఇంకోసారి అట్లా జరిగితే మనిషి దక్కడు" అని డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి నాకే చెప్పాడు.

మే నెలలో మా వైపు ముప్పావు లీటరు నీళ్లంటే ఎంత? బస్సు దిగి ఇంటికి రాగానే కుండ దగ్గర నిలబడి నేను ఒక్క దమ్మున తాగినంత. ఆ తాగడం తాత మంచం మీద నుంచి చూశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నేను వంటింట్లోకి పోయి, తలుపు వెనక నిలబడి తాగాను.

పైగా ఆయన నీళ్లు చూసే మనిషి. చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు మా తాత దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన పొలంలో చెప్పులు విడిచి, పీచు తీయని టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నడిచేవాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. నాకు నమ్మకం లేదు. ఆయన చూపించిన బోర్లలో సగం పడ్డాయి, సగం పడలేదు. మా సొంత పొలంలో నాలుగు వేయించి నాలుగూ ఎండగొట్టిన ఘనత కూడా ఆయనదే. "మీ తాత ఊరోళ్లకంతా నీళ్లు చూపిస్తాడు, నాకు మాత్రం దుమ్ము చూపిస్తాడు" అని అవ్వ జీవితమంతా ఎత్తిపొడిచింది.

ఈ పనికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఒక్క మర్యాద మాత్రం ఉండేది. బోరులో నీళ్లు పడితే మొదటి చెంబు చూపించిన మనిషికే ఇవ్వాలి. ఆయన తాగి, తీపో ఉప్పో చెప్పిన తర్వాతే ఆ ఇంటివాళ్లయినా నోట్లో పోసుకోవాలి. చిన్నప్పుడు ఆయన వెంట పోయి ఒకటి రెండుసార్లు చూశాను. చెంబు ఎత్తి, గడగడా తాగి, మీసాలు తుడుచుకుని "తీపి" అనేవాడు. పొలం యజమాని ఆ ఒక్క మాట కోసం చేతులు కట్టుకుని నిలబడేవాడు.

సరే, నా పద్ధతి చెబుతాను. ఒక ప్లాస్టిక్ సీసా తీసుకుని, ముప్పావు లీటరు దగ్గర గోళ్ల రంగుతో ఎర్రగా గీత గీశాను. పొద్దున ఆ గీత దాకా నీళ్లు పోస్తాను. ఆ రోజుకు ఆయన వాటా అంతే. కాఫీ ఇస్తే, కాఫీ పట్టినంత నీళ్లు సీసాలోంచి తీసి పారపోస్తాను. చారు పోస్తే చారంత. సాయంత్రానికి సీసా ఖాళీ అయితే లెక్క సరిపోయినట్టు. ఇంత మంచి ఉపాయం ఆస్పత్రివాళ్లకు కూడా తట్టలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి వారం ఆస్పత్రిలో బరువు తూస్తే నాలుగు కిలోలు ఎక్కువొచ్చింది. అదంతా నీళ్లేనట. అక్కడి నర్సు అందరి ముందూ నన్ను పట్టుకుని కడిగేసింది. నేను ఇంటికొచ్చి అవ్వ మీద పడ్డాను.

"నీళ్లు ఇస్తాండావా అవ్వా, నాకు తెలీకుండా?"

"నేనెందుకిస్తా మే? ఇయ్యద్దన్నారు, ఇయ్యలేదు."

"మరి నాలుగు కిలోలు ఎట్లొచ్చింది?"

"నాకేం తెలుసు? రోంత మజ్జిగిచ్చినా. పొద్దున లోటాడు అంబలిచ్చినా. నిన్న ఎవరో టెంకాయ ఎలనీరు తెస్తే అదిచ్చినా. నీళ్లు మాత్రం సుక్క ఇయ్యలే."

నిజంగానే ఆమె దాపరికం చేయలేదు. ఆమె లెక్కలో మజ్జిగ నీళ్లు కాదు. నీళ్లంటే వాకిట్లోకి వచ్చిన ముక్కూ ముఖం తెలియని మనిషికి కూడా ఇచ్చేది. మజ్జిగ, అంబలి అంటే ఆహారం, నీరసపడిన మనిషికి బలం. ఇవ్వకపోతే పాపం. యాభై ఏళ్లకు పైగా పొలం నుంచి వచ్చిన మనిషికి ముందు మజ్జిగ ఇచ్చిన చేయి అది. "మజ్జిగలో ఉండేది నీళ్లే అవ్వా, అంబలి కూడా నీళ్లే" అని లెక్కల టీచర్‌గా పాఠం మొదలుపెట్టాను. ఆమె చాలాసేపు విని, "అట్లయితే సంగట్లో కూడా నీళ్లు పోస్తాం కదా, దాన్నీ కొలుస్తావా?" అంది. ఎగతాళికే అంది. నేను నిజంగానే ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగాను. సంగటి కూడా చూసి పెట్టమన్నారు. అవ్వ సంగటి గిన్నె తెచ్చి, కొలుచుకొమ్మని నా ముందు పెట్టింది.

చూడటానికి వచ్చేవాళ్లతో ఇంకో గొడవ. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి పోతే చీనీకాయలు, అదే బత్తాయిలు, పట్టుకుపోవాలి. వచ్చినవాళ్లంతా అవే తెచ్చారు. ఆ రసం ఈ జబ్బుకు అసలే పడదు. వద్దంటే నొచ్చుకుంటారు. మంచం కింద కుప్ప పోశాం. ఇల్లంతా చీనీవాసన. తాత అప్పుడప్పుడు చేయి కిందికి చాపి ఒక కాయ తీసుకుని, గోటితో తొక్క మీద గీరి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అది చూసి నేను కాయలన్నీ ఎత్తి దొడ్లో పెట్టబోయాను. "ఉండనీలే పాపా. వాసనకు కూడా లెక్కుండాదా?" అన్నాడు. ఉండనిచ్చాను.

నీళ్లడగడంలో ఆయన పడని తిప్పలు లేవు. మొదట్లో పెద్దరికంగా గద్దించాడు. తర్వాత "మందు గొంతులో ఇరుక్కున్యాది, రోంత నీళ్లు పొయ్యి" అన్నాడు. ముఖం కడుక్కుంటానని చెంబు అడిగి, పుక్కిలించినట్టే పుక్కిలించి మింగేశాడు. అది కనిపెట్టి, అప్పటి నుంచి ముఖం నేనే తడిగుడ్డతో తుడిచాను. చివరికి గద్దింపులూ ఎత్తులూ అయిపోయి, ఉత్తగా అడిగాడు. "దప్పికైతాంది పాపా." అంతే. సీసా ఎత్తి చూపించేదాన్ని, ఇంత మిగిలింది, ఇంకా సాయంత్రం దాకా రావాలి అని. ఆయన సీసా చూసి, నా ముఖం చూసి, అటువైపు తిరిగి పడుకునేవాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చేది. ఆయన మీద, అవ్వ మీద, ఆ చీనీకాయలు తెచ్చినవాళ్ల మీద, మేఘం పట్టని ఆకాశం మీద. కోపం తీర్చుకోవడానికి పాత్రలు తోమేదాన్ని.

మధ్యాహ్నాలు భరించలేని ఎండ. రేకుల షెడ్డు కింద మంచం వేసి, ఒక తువ్వాలు తడిపి ఆయన తల మీద, ఛాతీ మీద కప్పేదాన్ని. లోపలికి పోయే నీళ్లకే కదా లెక్క, పైన వేసేదానికి లెక్కేముంది? ఆయనకు అది ఇష్టంగా ఉండేది. "తడిపి వెయ్యి, తడిపి వెయ్యి" అని గంటకోసారి అడిగేవాడు. నేను చేస్తున్న దాంట్లో ఆయన సంతోషపడేది ఒక్కటైనా ఉందని నాకూ ఊరటగా ఉండేది. ఒకరోజు బయట బట్టలు ఆరేసి లోపలికి వస్తే, తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. కళ్లు మూసుకుని, బుగ్గలు లోపలికి పోయేలా. నేను వచ్చింది తెలిసి కళ్లు తెరిచాడు. పరీక్షలో చీటీతో దొరికిన పిల్లలు నన్ను ఎట్లా చూస్తారో అట్లా చూశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి.

తువ్వాలు తీసుకుని దొడ్లోకి పోయి, చుక్క లేకుండా పిండి, తెచ్చి మళ్లీ ఆయన ఛాతీ మీద వేశాను. తిట్టినా బాగుండేది. ఆ పిండటం ఆయనకు వినిపించే ఉంటుంది. నన్ను నేను అంతగా అసహ్యించుకున్న రోజు అంతకు ముందు లేదు. అయినా మర్నాడు కూడా పిండే వేశాను, ఎందుకంటే ఆ వారం బరువు రెండు కిలోలే పెరిగింది, ఊపిరి బాగా ఆడుతోంది.

అట్లాంటప్పుడు బుక్కరాయసముద్రం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చేతిలో చీనీకాయలు లేవు, టెంకాయ ఉంది. మూడెకరాల చీనీతోట అట, పదేళ్ల చెట్లు. ఉన్న బోరు ఎండిపోయి నెలన్నర అయింది. ట్యాంకర్లతో నీళ్లు తోలి తోలి ఓపిక చచ్చింది.

"పెద్దాయనా, నువ్వొచ్చి ఒగ పాయింటు చూపిచ్చాల. చెట్లు ఎండిపోతాండాయి" అన్నాడు.

"ఆయన మంచం దిగే మనిషి కాదప్పా. ఇంకెవర్నన్నా చూసుకో" అన్నాను నేను.

"పోదాం" అన్నాడు తాత.

లేచి కూర్చున్నాడు. చిన్నాయన చేత గడ్డం గీయించుకున్నాడు, పెట్టెలో నుంచి తెల్లపంచె తీయించాడు. ఎన్నో వారాల తర్వాత ఆ ముఖంలో జీవం కనిపించింది. ముందురోజే ఆస్పత్రికి పోయివచ్చాం, కాబట్టి భయం లేదు. వద్దన్నదాన్ని నేనే ఆయనకు చొక్కా తొడిగాను. పోయి తిరిగివస్తే మనసు బాగుపడుతుందనుకున్నాను.

తోటలో ఆయన చెప్పులు విడిచాడు. ఒక చేయి నా భుజం మీద, రెండో అరచేతిలో టెంకాయ. కాళ్లు వాచి ఉన్నాయి, నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. చెట్ల ఆకులు ముడుచుకుని, పసుపు తిరిగి ఉన్నాయి, కాయలు నిమ్మకాయలంతే ఉండి రాలిపోయాయి. తూర్పు గట్టు దగ్గరికి వచ్చేసరికి టెంకాయ కదిలింది. లేచింది. నా కళ్లతో చూశాను. నీరు చేరి ఉబ్బిన ఆ చేయి వణికిందో, నిజంగా టెంకాయే లేచిందో చెప్పలేను. ఆయన మడమతో నేల మీద గుర్తు పెట్టి, "ఈడ" అన్నాడు. రైతు అక్కడే టెంకాయ కొట్టాడు. ఎల్లుండి బోరు బండి వస్తుందన్నాడు.

"నేనూ వస్తా" అన్నాడు తాత.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"నీళ్లు పడితే ఒగ చెంబు పాపా. నిండు చెంబు. అది నా మర్యాద. దానికి నీ గీత లేదు."

అప్పుడు తెలిసింది ఆయన ఎందుకు లేచాడో. గడ్డం ఎందుకు గీయించుకున్నాడో. ఆ రైతు చెట్ల కోసం కాదు, మనసు బాగుపడటానికీ కాదు. ఒక చెంబు నీళ్ల కోసం. నిండు చెంబంటే ఒక లీటరు. "వద్దు తాతా" అని అప్పుడే చెప్పాల్సింది. "పడితే కదా, చూద్దాంలే" అన్నాను. పడదని ధైర్యం. చుట్టుపక్కల ఎక్కడా పడటం లేదు, ఈయన చేయి చూస్తే ఇట్లా ఉంది. ఆయన మాత్రం నేను ఒప్పుకున్నట్టే తీసుకుని, నా చేయి తట్టాడు.

ఆ రెండు రోజులు ఆయన నీళ్లడగలేదు. సీసాలో మిగిలితే కూడా "ఉండనీ" అన్నాడు.

బండి పొద్దున ఏడింటికే వచ్చింది. చిన్నాయన ఆటోను చెట్టు నీడలో నిలిపాడు. తాత వెనక సీట్లో కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను సీసా ఒళ్లో పెట్టుకుని పక్కన. చెవులు చిల్లులు పడే మోత. తెల్లటి రాతిదుమ్ము లేచి చెట్ల మీద, మా నెత్తి మీద పడుతోంది. రెండు వందల అడుగులు, దుమ్ము. మూడు వందలు, దుమ్ము. నాలుగు వందల యాభై, దుమ్మే. రైతు బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన భార్య గట్టు మీద కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, రెప్పవేయకుండా ఆ పైపునే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మొక్కుకుంటోంది.

నేనూ మొక్కుకుంటున్నాను. నీళ్లు పడకూడదని.

ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కరువు నేల మీద పుట్టిన దాన్ని, బోరు పడనింట్లో ఆ రోజు పొయ్యి ఎట్లా ఉంటుందో నాలుగుసార్లు చూసినదాన్ని. ఇంకొకళ్ల బోరు ఎండిపోవాలని ఆ పొద్దున దేవుణ్ణి కోరుకున్నాను. ఆమె పది అడుగుల దూరంలో ఉంది. ఒకసారి నా వైపు చూసి, నేను కూడా వాళ్ల కోసమే మొక్కుతున్నానని అనుకుందేమో, తలూపింది.

ఆరు వందలు దాటిన తర్వాత దుమ్ము రంగు మారింది. తడిసి ముద్దలుగా పడటం మొదలైంది. తర్వాత బురద, తర్వాత ఒక్కసారిగా నీళ్లు, మనిషెత్తున. రైతు ఆ నీళ్ల కింద నిలబడిపోయాడు. ఆయన భార్య ఏడుస్తూ నవ్వుతూ బిందె పెట్టింది. చిన్నాయన ఈల వేశాడు. తాత కదలలేదు. కానీ గుటకలు వేస్తున్నాడు, ఉత్త గుటకలు.

ఆమె బిందెలో నీళ్లు తేరుకునేదాకా ఆగి, కొంగు మడతలు పెట్టి వడగట్టి, ఇత్తడి చెంబులో పోసింది. చెంబుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. అంచుదాకా నిండిన చెంబును రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా నడుచుకుంటూ వచ్చి తాతకు ఇచ్చింది. వెనకే రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తాత చెంబు అందుకున్నాడు. పైకెత్తలేదు. నా వైపు చూశాడు.

జీవితంలో ఎవర్నీ ఏదీ అడిగి చేయని మనిషి. మా నాయన, అంత వయసొచ్చినా, ఆయన ముందు కూర్చునేవాడు కాదు. అట్లాంటి మనిషి అంతమంది ముందు, తన మర్యాద చేతిలో పట్టుకుని, మనవరాలి ఒప్పుకోలు కోసం ఆగాడు.

డాక్టరు మాట చెవిలో గింగురుమంటోంది. ఇంకోసారి అయితే మనిషి దక్కడు. మిషన్ మీద కడిగించి అప్పటికే మూడు రోజులు, మళ్లీ పోయేది మర్నాడు. నేను చెంబు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. సంచిలో ఉన్న చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోసి ఇచ్చాను. "ఇంతే తాతా."

రెండు గుక్కలూ తాగాడు. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. మీసాలు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ లేదు. "తీపి" అన్నాడు.

"ఇంగ రోంత తాగనీ పాపా, ఆయప్ప చూపిచ్చిన నీళ్లే కదా" అంది రైతు భార్య.

నేను వినలేదు. చెంబు అట్లాగే ఉంటే ఆయన చూపు దాని మీదే ఉంటుంది. ఇచ్చిన నీళ్లు మళ్లీ బిందెలో పోయకూడదు. పక్కనున్న చీనీచెట్టు మొదట్లో ఒంపేశాను. నిండు చెంబు నేల మీద పడి చప్పున ఇంకిపోయింది. తాత అది చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. ఆటో కదిలాక కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన నీళ్లు అడగలేదు. ఒక్కసారి కూడా. నేను ఇచ్చినప్పుడు తాగేవాడు, ఇవ్వకపోతే ఊరుకునేవాడు. అవ్వ మనసు ఆగక ఎప్పుడైనా లోటాడు మజ్జిగ తెస్తే, "పాప కొలిచిందా?" అని అడిగేవాడు. కొలవలేదంటే ముట్టేవాడు కాదు. నేను ఏది ఇచ్చినా, కాఫీ అయినా చారు అయినా, ముందు ఆ ప్రశ్నే. "కొలిచినావా?" కొలిచినానంటే తాగేవాడు. అందులో కోపం లేదు, దెప్పడం లేదు. అదే నాకు కష్టమైంది. గద్దించే తాతను, తువ్వాలు చప్పరించే తాతను నేను భరించగలిగాను. ఈ చెప్పినట్టు వినే ముసలాయన ఎవరో నాకు తెలియదు.

బరువు మాత్రం సరిగ్గా ఉంది. నన్ను కడిగేసిన నర్సే, "పేషెంటును ఇట్లా చూసుకోవాల" అని పక్క మంచంవాళ్లకు నన్ను చూపించింది.

జూన్ రెండో వారంలో బడి తెరిచారు. నేను ఇంకో వారం సెలవు పెట్టాను. ఆ మంగళవారం మిషన్ మీద ఉండగానే ఆయన బీపీ పడిపోయింది. ఆపేశారు. శుక్రవారం మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ పడిపోయింది. డాక్టరు నన్నూ చిన్నాయననూ బయటికి పిలిచాడు. గుండె ఇంక మిషన్‌కు తట్టుకోదన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

"ఇంట్లో ఏం చూసుకోవాలి?" అన్నాను.

"ఏమీ లేదమ్మా. అడిగింది ఇవ్వండి."

"నీళ్లు?"

"ఎంతైనా ఇవ్వండి" అన్నాడు.

సీసా నా చేతిలోనే ఉంది. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి, ఏం చేయాలో తెలియక, ఆ ఎర్రగీతను గోటితో గీకాను. సగమే పోయింది.

చిన్నాయనకు చెప్పి ఆటోను ఆ తోట వైపు తిప్పించాను. బోరు నడుస్తోంది. చెట్ల మొదళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి, కొమ్మల చివర్ల లేత చిగురు కనిపిస్తోంది. రైతు భార్య తాత ముఖం చూసింది. క్యాను నిండా నీళ్లు పట్టించి, ఇంట్లోకి పోయి అదే ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చింది. "చెంబు మళ్లీ తెచ్చియ్యద్దు, మీ దగ్గరే ఉండనీ" అంది.

ఇంటికొచ్చి ఆయనను మంచం మీద పడుకోబెట్టాం. మధ్యాహ్నం పన్నెండైంది. అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. నేను చెంబు కడిగి, అంచుదాకా నింపి, ఆయన తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను.

"తాతా, ఆ బోరు నీళ్లు. నీ చెంబు. తాగు."

కళ్లు తెరిచి చెంబు చూశాడు. పెదాలు అంటుకుపోయి ఉన్నాయి, మాట రావడానికి కాస్త సమయం పట్టింది.

"కొలిచినావా పాపా?"

"లేదు తాతా. ఇంక కొలిచే పని లేదు. ఎంతన్నా తాగొచ్చంట. అంతా తాగు."

ఆయన నమ్మలేదు. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకున్నాడో ఏమో, చెంబు వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. సరిగ్గా రెండు. తర్వాత నోరు మూసుకుని, వాచిన చేత్తో చెంబును నా వైపు నెట్టాడు.

"సాలు. మిగిలింది సాయంత్రానికి పెట్టు" అన్నాడు.

తాగమని బతిమాలాను. అరిచాను కూడా. అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. చెంబు మీద మూత పెట్టి, మంచం కింద చీనీకాయల పక్కన పెట్టాను.

సాయంత్రం అవ్వ ఆ నీళ్లే ఉగ్గుగిన్నెతో ఆయన నోట్లో పోసింది. గుటక పడలేదు. పెదవి పక్క నుంచి కారి, నా ఒళ్లో పడ్డాయి.